ఆరు పిట్టకాళ్ళ ఇల్లు

ఆ గిన్నె అడుగున ఉన్న గుర్తు ఏ ఇంటిదీ కాదని నాకు ముందే తెలుసు. అవ్వ దాన్ని నా చేతిలో పెట్టి బోర్లా తిప్పినప్పుడే తెలుసు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. రోజూ సాయంత్రం కూర్చుని రాసుకునే డైరీలో కూడా ఆ తేదీ కింద "పక్కింటి అవ్వ ఒక పింగాణి గిన్నె ఇచ్చింది" అని ఒక్క వాక్యమే ఉంది. ఇచ్చింది అన్న మాటలో అబద్ధం లేదు. అందుకే ఆ మాట ఎంచుకున్నాను.

నల్లగొండలో డిగ్రీ చదివే రోజుల్లో మా వీధి చివర పాత సామాన్లు కొనే ముసలాయన ఒక పింగాణి సాసర్‌లో మేకులు వేసుకునేవాడు. అంచు చుట్టూ నీలిరంగు తీగ ఉండేది. కాలేజీకి పోతూ వస్తూ మూడు నెలలు దాన్ని చూశాను గానీ అడగడానికి నోరు రాలేదు. చివరికి మా బాపు పాత కూలర్ అమ్మడానికి పోతే వెంట వెళ్ళి ఆయన చెవిలో చెప్పాను. "మా బిడ్డ గా సాసర్ అడుగుతాంది" అన్నాడు బాపు. ముసలాయన మేకులు నేల మీద గుమ్మరించి సాసర్ నా చేతికిచ్చి, "చాయ తాగనీకా బిడ్డా? కప్పు లేదు మరి" అన్నాడు.

ఇంటికి తెచ్చి కడిగి తిప్పి చూస్తే అడుగున నీలిరంగుతో ఏవో నాలుగు అక్షరాలు. అవి ఏమిటో తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. హైదరాబాద్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మే చోట, అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నిండా పింగాణి గుర్తులే. చైనాలో చక్రవర్తుల బట్టీల్లో కాల్చిన గిన్నెల అడుగున ఆరు అక్షరాలు రాసేవారు. కుడివైపు పై నుంచి కిందికి మూడు, తర్వాత ఎడమవైపు మూడు. మొదటి రెండు 'మహా' అనీ, వంశం పేరూ. నడిమి రెండు ఆ చక్రవర్తి తన ఏలుబడికి పెట్టుకున్న పేరు. చివరి రెండు 'కాలంలో చేసినది' అని. నాలుగే ఉంటే వంశం పేరు వదిలేశారన్నమాట. ఆ ఏలుబడుల పేర్లు నాకు కళ్ళతోనే పరిచయం. పైకి ఎప్పుడూ పలకలేదు. ఎలా పలకాలో చెప్పేవాళ్ళు నల్లగొండలో ఎవరున్నారు?

ఒక కాలంలో గిన్నెల మీద చక్రవర్తి పేరు రాయవద్దన్నారట. గిన్నె పగిలి చెత్తలో పడితే ఆ పేరుకు అవమానమని. అప్పుడు పనివాళ్ళు రెండు గీతల వలయం గీసి లోపల ఖాళీగా వదిలేశారట. ఆ ఖాళీ వలయం బొమ్మను నేను డైరీలో ఎన్నిసార్లు గీసుకున్నానో. అదే పుస్తకంలో ఇంకో పేజీ ఉంది. తర్వాతి తరాల పనివాళ్ళు పాత చక్రవర్తుల మీద గౌరవంతో వాళ్ళ గుర్తులనే తమ గిన్నెల మీద రాసేవారనీ, గుర్తును చూసి కాలం చెప్పకూడదనీ. ఆ పేజీ కూడా చదివాను. చదివి పక్కన పెట్టాను.

నాలుగేళ్ళలో ఏడెనిమిది వస్తువులు చేరాయి. మూత లేని చిన్న జాడి, జాడి లేని మూత, అంచు పోయిన రెండు కప్పులు, ఒక చెంచా. అన్నీ అమ్మ పాత చీర ముక్కల్లో చుట్టి మంచం కింద రేకుపెట్టెలో పెట్టేదాన్ని. "ఈడు పిల్లలు గాజులు కొనుక్కుంటరు. ఇది ఊరోళ్ళ ఎంగిలి సాసర్లు ఏరుతాంది" అనేది అమ్మ, వచ్చిన చుట్టాలందరి ముందూ. నేను నవ్వి లోపలికి పోయేదాన్ని. అడుగున ఆరు అక్షరాలూ ఉన్న గిన్నె మాత్రం ఒక్కటీ దొరకలేదు.

బీఎడ్ అయ్యాక కొల్లాపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం వచ్చింది. అప్పటికి జిల్లాలు విడదీసి కొల్లాపూర్‌ను నాగర్‌కర్నూల్‌లో కలిపారు గానీ, మా వీధిలో అందరూ పాలమూరు జిల్లా అనే అనేవారు. ఒక గది కిరాయికి తీసుకున్నాను. గోడకు అవతల అవ్వ ఇల్లు. డెబ్బై అయిదేళ్ళు దాటిన మనిషి. కొడుకు లారీ మీద పోతే పదిహేను రోజులకు గానీ రాడు. ఇంట్లో అవ్వా, కుట్టుమిషన్ మీద పనిచేసే కోడలూ. కోడలిని నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను టీచరమ్మా అనేది. నేను మాట్లాడటం తక్కువని ఆమెకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. "పొల్లగాండ్లకు పాఠం సైగలతోనే చెప్తవా టీచరమ్మా?" అని అడిగింది.

వచ్చిన మూడో నెలలో ఆ వీధిలో ఒక పెండ్లి జరిగింది. టెంట్‌హౌస్ సామాన్లు వచ్చినా, వాడకట్టు ఇళ్ళ నుంచి గంజులూ బకెట్లూ తాంబాళాలూ తెచ్చుకోవడం అక్కడ ఇంకా ఉంది. పెండ్లి అయిన మర్నాడు అవన్నీ తోమి వాకిట్లో గుట్టగా పోశారు. ఏది ఏ ఇంటిదో తేల్చడానికి అవ్వను పిలిచారు. ఆమె పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒక్కొక్కటే అందిస్తుంటే బోర్లా తిప్పి, అడుగు మీద బొటనవేలు రాసి, ఇల్లు చెప్పేసింది. "నిచ్చెన. గౌండ్లోళ్ళది. మూడు చుక్కలొక గీత, మూలమీది ఇల్లు. చేపముల్లు, కంసలోళ్ళది. గిది ఇయ్యాలటిది, పేరు కొట్టించుకున్నరు, చదువొచ్చినోళ్ళను అడుగుండ్రి."

చదవడం రానప్పటి గుర్తులు అవి. ఇత్తడి మీద ఉలితో కొట్టినవి, పింగాణి మీద, సిల్వర్ మీద రంగుతో పెట్టినవి. ఒక్కో ఇంటికి ఒకటి, అత్త నుంచి కోడలికి. నా పుస్తకంలో వందల పేజీలు నింపిన పనిని ఆమె పీట మీద కూర్చుని నోటితో చేస్తోంది. నేను డైరీ తెచ్చుకుని ఒక్కో గుర్తూ గీసుకున్నాను.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"గుర్తులు అవ్వా."

"గుర్తుల పిచ్చి నీకు సుత ఉన్నదా? ఇగో, మనకు తోడు దొరికింది" అంది అవ్వ, పక్కన వాళ్ళతో. ఆ రోజు నుంచి నేను బడి నుంచి రాగానే గడప దగ్గర కూర్చోబెట్టుకుని చాయ ఇచ్చేది. ఊళ్ళో ఒక మనిషి నన్ను తోడు అనుకోవడం నాకు అదే మొదటిసారి.

వారం తర్వాత ఒక సాయంత్రం అవ్వ లోపలికి పోయి, గూట్లోంచి గుడ్డ చుట్టిన వస్తువు తెచ్చింది. "గిది ఏ ఇంటిదో చెప్తె నువ్వు మొనగత్తెవు" అని నా చేతిలో పెట్టింది.

దోసిట్లో పట్టేంత గిన్నె. వెలుపల నీలిరంగు తామర తీగలు, లోపల ఉత్త తెలుపు. అంచు దగ్గర వెంట్రుకంత పగులు. నేను తిప్పకముందే అవ్వే తిప్పింది. రెండు గీతల వలయం. లోపల మూడూ మూడూ ఆరు అక్షరాలు. నడిమి రెండింటినీ నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. మూడు వందల ఏళ్ళ కిందటి చక్రవర్తి.

"ఆరు పిట్టకాళ్ళు" అంది అవ్వ. "గుండ్రం గీసి లోపట ఆరు పిట్టలు నడిచినట్టు. ఆరు పిట్టకాళ్ళ ఇల్లు. ఏడున్నదో ఏమో."

ఆమెకు పదమూడేళ్ళప్పుడు ఆమె లగ్గానికి వచ్చిన గిన్నె అది. పెండ్లి అయ్యాక గిన్నెలన్నీ ఎవరివి వాళ్ళకు పోయాయి, ఇదొక్కటి మిగిలింది. అత్త దీన్ని కొత్త కోడలి చేతికిచ్చి ఇల్లిల్లూ తిరిగి అడిగి రమ్మంది. "కాళ్ళ పసుపు సుత పోలే బిడ్డా. మీదేనా, మీదేనా అని తిరిగిన. పెండ్లిపిల్ల గిన్నె పట్టుకొని అడుక్కుంటాంది అని నవ్విండ్రు. రాజుల బంగ్లకు సుత తీస్కపోయిన. వంటాయన చూసి మాది గాదన్నడు." ఇంట్లో ఆవు చచ్చినా, వాన తప్పినా అత్త అదే మాట అనేదట: నువ్వు వచ్చిన దినమే ఇంకోళ్ళ సామాను ఇంట్ల చేరింది. అరవై ఏళ్ళకు పైగా ఆమె ఆ గిన్నెలో ఒక్క మెతుకు తినలేదు. ఏటా ఒకసారి కడిగి, తుడిచి, మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టేది.

"గిన్నె గాదు టీచరమ్మా, మా అత్తకు సవతి" అంది కోడలు మిషన్ తొక్కుతూనే. "మా మామ పోయిండు గని గిది పోలే."

"నువ్వు ఊకో" అంది అవ్వ. నా వైపు తిరిగి, "నేను కండ్లు మూసే లోపట గిది అప్పజెప్పాలె బిడ్డా. నీకెరుకేనా గీ గుర్తు?" అని అడిగింది.

"ఎరుకే అవ్వా" అన్నాను.

అదీ అబద్ధం కాదు. ఆమె నా మణికట్టు పట్టుకుంది. మిషన్ ఆగింది.

"ఏ ఊరు?"

ఇక్కడ నేను చైనా అనాలి. ఇది ఇంటి గుర్తు కాదు, రాజు గుర్తు, దీన్ని ఎవరూ మరిచిపోలేదు, నీ తప్పేమీ లేదు, ఇందులో పెరుగు తోడేసుకుని హాయిగా తిను అనాలి. రెండు నిమిషాల మాట. సిగ్గుతో చెప్పలేకపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గు కాదు. ఆ మాట చెబితే గిన్నె మళ్ళీ గూట్లోకి పోతుంది. అది నాకు కావాలి.

"పోచంపల్లి దిక్కు" అన్నాను. మా చిన్నమ్మ వాళ్ళది ఆ ఊరు. నాకు బాగా తెలిసిన వేరే ఊరు అదొక్కటే.

అవ్వ కాసేపు ఆలోచించింది. "గంత దూరమా" అని, తర్వాత తనే, "అవు. మా లగ్గానికి చీరెలాయన వచ్చిండు గా దిక్కు నుంచి. మూట దింపి రెండు దినాలు మా అరుగు మీదనే ఉన్నడు. సద్ది తెచ్చుకున్నడేమో గిండ్ల" అంది. నా అబద్ధానికి లేని సాక్ష్యాన్ని ఆమే అరవై ఏళ్ళ వెనక్కు పోయి వెతికి తెచ్చింది.

"ఇచ్చొస్తవా బిడ్డా?"

తల ఊపాను. మాట తక్కువ మనిషికి ఇది సులువు. తల ఊపితే చాలు, మిగిలినది ఎదుటివాళ్ళే నింపుకుంటారు.

శనివారం నేను నల్లగొండ బస్సెక్కే ముందు అవ్వ గిన్నె నిండా బియ్యం పోసింది. పసుపు, కుంకుమ పొట్లాలు, పైన ఒక రవికె గుడ్డ. "ఉత్త గిన్నె వాపస్ ఇయ్యొద్దు" అంది. కల్వకుర్తి, దేవరకొండ మీదుగా అయిదు గంటలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా నాలుగు గింజలు నా దుప్పట్టా మీద పడేవి, ఏరి మళ్ళీ గిన్నెలో వేసేదాన్ని. ఇంటికి పోయాక అమ్మ అడిగితే బడిలో తోటి టీచర్ ఇచ్చిందన్నాను. అమ్మ బియ్యాన్ని మా డబ్బాలో కలిపేసింది. ఆ రెండు రోజులూ మేం తిన్న అన్నంలో అవ్వ బియ్యం ఉన్నాయి. రవికె గుడ్డను పెట్టె అడుగున దాచాను.

ఆదివారమంతా గిన్నెను కిటికీ దగ్గర పెట్టుకుని చూశాను. పుస్తకం పక్కన పెట్టి ఆరు అక్షరాలనూ గీత గీతగా పోల్చుకున్నాను. చాలా సంతోషంగా ఉన్నాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

సోమవారం కొల్లాపూర్‌లో బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి అవ్వ గడప మీద కూర్చుని ఉంది.

"దొరికిండ్రా?"

తల ఊపాను.

"ఎవలున్నరు ఇంట్ల?"

"ఒక అవ్వ ఉన్నది."

"నా తీరుదేనా?"

"నీ తీరుదే."

"మోకాళ్ళు నొస్తయా ఆమెకు?"

"నొస్తయట."

"నొస్తయి మరి" అంది అవ్వ తృప్తిగా. "గిన్నె జూసి ఏమన్నది?"

"కండ్లకు అద్దుకున్నది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, చాయ పెట్టమని కోడలికి చెప్పింది. కోడలు స్టవ్ ముట్టిస్తూ, "గంత దూరం పోయి గిన్నె ఇస్తే ఉత్త చేతులతోని తోలిండ్రా నిన్ను? ఏం మనుషులే వాళ్ళు" అంది. అవ్వ ముఖం చిన్నబోయింది. లేని మనుషుల మీద నింద పడింది. వాళ్ళను నేనే కాపాడుకోవాలి కదా. "వచ్చే నెల పంపుతమన్నరు" అన్నాను.

ఆ తర్వాతి నెల జీతంతో చిన్నమ్మ వెంట ఒక నేత ఇంటికి పోయి మగ్గం మీది నుంచి దింపిన నూలు చీర కొన్నాను. వక్కరంగు మీద తెల్ల చుక్కలు. అవ్వకు ఇచ్చినప్పుడు ఆమె దాన్ని మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. వీధిలో ఒక ఇంట్లో పసిపాపను తొట్టెలలో వేసిన నాడు అదే కట్టుకుని వచ్చింది. "గిది మా పోచంపల్లి అక్క పంపింది" అని అందరికీ కొంగు చూపించింది. ఆమె వీపు వెనక నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అరవై ఏళ్ళ కింద పెండ్లిపిల్ల అడుక్కుంటోందని నవ్విన ఇళ్ళలో ఆ తొట్టెల ఇల్లు ఒకటి.

అక్కడి నుంచి ఆ పోచంపల్లి అక్క పెరుగుతూ వచ్చింది. మనుమడు ఉన్నాడా అని అవ్వ అడిగితే ఉన్నాడన్నాను. కంటి ఆపరేషన్ అయిందా అంటే అయిందన్నాను. నేను నల్లగొండ పోయే ప్రతిసారీ కాసిని పల్లీలో, చింతపండో కట్టి ఆమెకు పంపేది. ఆ పొట్లాలు విప్పేటప్పుడు నా చేతులు నావి కానట్టు ఉండేవి. డైరీలో వాటి గురించి ఏమీ రాయలేదు. ఆ నెలల్లో నా డైరీ అంతా వాన వచ్చిందనీ, పరీక్ష పేపర్లు దిద్దాననీ ఉంటుంది.

ఎండాకాలం సెలవుల్లో గిన్నెను హైదరాబాద్ తీసుకుపోయాను. పాతబస్తీ సందులో పాత వస్తువులు అమ్మే ఒక పెద్దాయన పింగాణి బాగా తెలిసినవాడని పుస్తకాల కొట్టు దగ్గర విన్నాను. షాపు ముందు అటూ ఇటూ చాలాసేపు తిరిగి లోపలికి పోయాను. ఆయన అడుగు చూడలేదు. ముందు అంచు మీద వేలు తిప్పాడు. గోటితో కొట్టి విన్నాడు. నేలకు ఆనే వలయం దగ్గర మెరుపు ఆగిపోయే చోట వెలుతురులో పెట్టి చూశాడు. అన్నీ అయ్యాక గుర్తు చూశాడు.

"గుర్తు మూడు వందల ఏండ్లది. గిన్నె వందేండ్లది, జర ఎక్కువుండొచ్చు. బజార్ల అమ్మనీకి చేసిందమ్మా. పెద్ద రాజు పేరని రాసుకున్నరు. మోసం అనొద్దు. ఇజ్జత్ ఇచ్చిండ్రు" అన్నాడు. నేను గుర్తు చూసి అనుకున్నానని చెప్పాను. ఆయన నవ్వాడు. "అందరు గుర్తే చూస్తరు. ముందు గిన్నెను చూడాలె. మంచిగుంది, ఇంట్ల పెట్టుకో, పెరుగు తోడెయ్యి."

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. దుఃఖం వచ్చింది. గిన్నె పాతది కాదని వచ్చిన దుఃఖం అది. అవ్వ కోసం కాదు. అది తెలిసినప్పుడు నా మీద నాకు మొదటిసారి భయం వేసింది.

ఆ జూన్‌లో నల్లగొండలోనే ఉద్యోగం దొరికి కొల్లాపూర్ వదిలేశాను. తప్పించుకున్నాననే అనుకున్నాను. గిన్నెను రేకుపెట్టెలో అన్నిటికన్నా కింద పెట్టాను. దాన్ని తీసి చూడటం మానేశాను. కొన్నాళ్ళకు మిగతావాటినీ చూడటం మానేశాను. ఏడాది గడిచింది. ఒక రోజు కోడలు ఫోన్ చేసింది.

"అత్తమ్మకు పాణం బాగలేదు టీచరమ్మా. దవాఖానల వారం ఉంచి తోలిండ్రు. వచ్చిన కాడికెళ్ళి ఒక్కటే మాట, పోచంపల్లి పోదాం, అక్కను చూస్తనని. జీపు మాట్లాడమని మా ఆయనను సతాయిస్తాంది. నువ్వు జర ఇల్లు చూపెడితే సాలు."

గిన్నెను సంచిలో పెట్టుకుని ఆదివారం పొద్దున బయలుదేరాను. బస్సులో డైరీ తీసి చెప్పాల్సిన మాటలు రాసుకున్నాను. 'అవ్వా, పోచంపల్లిలో ఎవరూ లేరు. నేను అబద్ధం చెప్పాను. గిన్నె మీద ఆశతో చెప్పాను.' మూడు వాక్యాలు. దేవరకొండ నుంచి కొల్లాపూర్ దాకా లోపల లోపల అనుకుంటూనే పోయాను, బడి పిల్లలు పద్యం అనుకున్నట్టు.

అవ్వ మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. సగం అయింది మనిషి. నన్ను చూసి, "వచ్చినవా. జీపు ఎన్ని గంటలకు?" అంది. నేను సంచిలోంచి గిన్నె తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె గుడ్డ విప్పి చూసి, తిప్పి, బొటనవేలు అడుగు మీద ఆనించింది.

"అవ్వా, గిది వాళ్ళది కాదు" అన్నాను.

"కాదా?"

"గా గుర్తు... నేను..." ఇక్కడ రెండో వాక్యం రావాలి. నోట్లో ఉంది. ఆమె నా ముఖంలోకి చూస్తోంది.

"తప్పు సదివినవా బిడ్డా?"

నేను తల ఊపాను.

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇన్ని దినాలు పెట్టుకొని ఇప్పుడు చెప్తున్నరా వాళ్ళు?" అంది.

"ఇప్పుడన్న చెప్పిండ్రు" అంది అవ్వ. "మంచోళ్ళు. తమది గాంది తమ ఇంట్ల ఉంచుకోలే. నా తీరు మనిషే అన్నవ్ గద." కాసేపు గిన్నెనే చూసింది. తర్వాత, "పెట్టెల చీర తియ్యి" అని కోడలికి చెప్పింది.

"కట్టిన చీర వాపస్ ఇస్తరా అత్తమ్మా? నవ్వుతరు."

"గిన్నె వాళ్ళదని గద చీర వచ్చింది. గిన్నె వాళ్ళది గానప్పుడు చీర నా తాన ఎట్లుంటది? నేను ఒక్కసారే కట్టిన. ఉతికే పెట్టిన."

కోడలు చీర తెచ్చింది. అవ్వ దాని మడతలు సరిచేసి, కొంగు చివర పిడికెడు బియ్యం పోయించి ముడి వేయించింది. చీరను తనే నా ఒళ్ళో పెట్టింది. నేను ఆ చీర నాదని చెప్పలేదు. ఉంచుకో అవ్వా అని కూడా అనలేదు, అంటే ఎందుకని అడుగుతుంది. జీపు మాట మళ్ళీ ఆమె ఎత్తలేదు. పోచంపల్లి అక్కను చూడటానికి పోయేందుకు ఇప్పుడు ఆమెకు ఏ సంబంధమూ లేదు. ఉన్న ఒక్క సంబంధాన్ని నేనే తెచ్చి, నేనే తీసుకుపోతున్నాను. ఆమె నడుము వంచి గిన్నెను తలగడ పక్కన పెట్టుకుంది, ఎవరి బిడ్డనో ఒక పూట చూసుకుంటున్నట్టు.

ఆ తర్వాత నేను కొల్లాపూర్ పోలేదు. నాలుగు నెలలకు కోడలు మళ్ళీ ఫోన్ చేసింది. అవ్వ పోయిందని చెప్పి, కాసేపు ఏడ్చి, ఆఖర్లో అడిగింది: "గా గిన్నె ఎవలదో ఏమన్న తెలిసిందా టీచరమ్మా? ఇప్పుడు నా నెత్తిన పడ్డది." తెలియలేదన్నాను. అడుగున ఉన్నది రాజు పేరని ఆమెకైనా చెప్పొచ్చు. చెబితే మొదటి రోజే ఎందుకు చెప్పలేదని అడుగుతుంది.

గిన్నె తిరిగి ఇచ్చిన ఆ ఆదివారం నేను చెప్పులు వేసుకుంటుంటే అవ్వ మంచం మీది నుంచి పిలిచింది. తలుపు పట్టుకుని వెనక్కి చూశాను.

"మొఖం గట్ల పెట్టకు బిడ్డా. నేను సుత మస్తుసార్లు తప్పు సదివిన, ఒకళ్ళ గంజు ఇంకొకళ్ళకిచ్చిన. గిన్నె నా తాన్నే ఉంటది. నువ్వు మల్ల వచ్చినప్పుడు ఇద్దరం కూసొని ఎతుకుదాం."